‘లేదు’కూ ‘దొరకలేదు’కూ మధ్య నాలుగు యూనిట్లు

2023 ఆగస్టు 21, సోమవారం నాడు, కాలిఫోర్నియాలో మేముండే ఊరి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కళాశాలలో) ప్రాథమిక గణాంక శాస్త్రం (స్టాటిస్టిక్స్) కోర్సు ఆన్‌లైన్‌లో మొదలుపెట్టాను. అప్పటికి నా వయసు 41. నర్సింగ్ డిగ్రీకి దరఖాస్తు పెట్టాలంటే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీలతో పాటు స్టాటిస్టిక్స్ కూడా ముందే పూర్తి చేసి ఉండాలని ఇక్కడి విశ్వవిద్యాలయాలు చాలావరకు అడుగుతాయి. ఇంటర్‌లో ఎంపీసీ చదివినదాన్ని, విస్తరణ కొలతలూ, సంభావ్యతా, యాదృచ్ఛిక చలరాశులూ ఒకప్పుడు కంఠతా వచ్చినదాన్ని కాబట్టి, మిగిలిన మూడింటి మాట ఎలా ఉన్నా ఇదొక్కటీ నల్లేరు మీద బండి నడకే అనుకున్నాను. ఆ అంచనా ఎక్కడ తప్పిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. లెక్కల దగ్గర మాత్రం తప్పలేదు.

ముందు ఖర్చు సంగతి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు మొదట అడిగేది అదే. ఈ రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి. స్థానికులకు వాటిలో యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క అది) 46 డాలర్లు. నాది నాలుగు యూనిట్ల కోర్సు కాబట్టి 184 డాలర్లు, పైన చిల్లర రుసుములు. నాలాగా హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చినవారు కూడా ఏడాదీ ఒక రోజూ రాష్ట్రంలో నివసించి, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపగలిగితే స్థానిక రుసుమే కట్టవచ్చు. లేకపోతే అంతకు ఎన్నో రెట్లు కట్టాలి. పాఠ్యపుస్తకానికి పైసా ఖర్చు లేదు. కూపర్టినోలోని డి ఆంజా కాలేజీ అధ్యాపకులు బార్బరా ఇల్లోస్కీ, సూసన్ డీన్ రాసిన పుస్తకాన్ని ఓపెన్‌స్టాక్స్ వారు ఉచితంగా అందిస్తున్నారు. టీఐ-84 కాలిక్యులేటర్‌ను కాలేజీ లైబ్రరీ సెమిస్టరంతా అరువిచ్చింది. లాగరిథం పట్టికల పుస్తకం నలిగిపోయేదాకా వాడిన తరం నాది. ఆ యంత్రం మీట నొక్కగానే గంట ఆకారపు సామాన్య వక్రం కింది వైశాల్యం నాలుగు దశాంశాలతో కళ్లముందు నిలిస్తే మొదట్లో ఏదో దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది.

క్లాసు మొదలైన వారంలోనే ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు అమెరికాలోని బఫెలోలో కన్నుమూశారన్న వార్త వచ్చింది. అప్పటికి ఆయనకు 102 ఏళ్లు. బళ్లారి ప్రాంతంలోని హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి, కలకత్తా వెళ్లి, పాతికేళ్ల ప్రాయంలో, 1945లో, ఆయన ప్రచురించిన ఒక వ్యాసంలోని ఫలితమే నేడు క్రామర్-రావు అవధిగా (ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దుగా) ప్రపంచమంతటా పాఠ్యాంశం. మొదటి వారం ప్రతి విద్యార్థీ తనను పరిచయం చేసుకుంటూ నాలుగు వాక్యాలు రాయాలి. రాయకపోతే రానివారి కింద లెక్కగట్టి జాబితాలోంచి పేరు తీసేస్తారు. నా నాలుగింటిలో రెండు వాక్యాలు రావుగారి గురించే రాశాను. ఆ అవధి మా కోర్సు పరిధిలోకి రాదని అప్పుడు నాకు తెలియదు. అధ్యాపకురాలు మాత్రం, ‘తక్కువ సమాచారంతో ఎంతవరకు గట్టిగా చెప్పగలం అన్నదే ఆయన ప్రశ్న, ఈ పదహారు వారాలూ మనదీ అదే’ అని జవాబిచ్చారు. మర్యాదకు అన్న మాటగా తీసుకున్నాను. అక్టోబరు దాకా దాని అర్థం నా తలకెక్కలేదు.

కోర్సు నడిచే తీరు సులువుగానే ఉండేది. సోమవారం ఉదయం ఆ వారం పాఠాలు కాలేజీ వాడే క్యాన్వాస్ అనే వెబ్‌సైటులో తెరుచుకునేవి. ఆదివారం రాత్రి 11:59కి ఆ వారం పనంతా ముగించాలి. ఇది ఎప్పుడైనా చదువుకోగల కోర్సని చేర్చుకునేటప్పుడు చెప్పారు. పిల్లలున్న ఇంట్లో ‘ఎప్పుడైనా’ అంటే రాత్రి పదింటి తరువాత అని అర్థం. తోటివారిలో పద్దెనిమిదేళ్ల పిల్లల నుంచి సైన్యంలో పనిచేసి వచ్చినవారి దాకా ఉన్నారు. 2017 నాటి ఏబీ 705 చట్టం తరువాత ఇక్కడి కాలేజీలు విద్యార్థులను ఏళ్ల తరబడి పునాది గణితం తరగతుల్లో కూర్చోబెట్టడం మానేసి, చాలామందిని నేరుగా ఇలాంటి కోర్సులోకే తీసుకుంటున్నాయి. అవసరమైనవారికి దాని పక్కనే తోడు తరగతి ఒకటి పెడుతున్నాయి. బీజగణితం అంటే భయపడే ఒక అమ్మాయికి నేను ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) వివరించాను. నెల తిరక్కుండానే ఆ అమ్మాయికి నాకన్నా మంచి మార్కులు వచ్చాయి.

దానికి కారణం ఇది. అక్టోబరులో పరికల్పన పరీక్షలు, అంటే ఒక ఊహ నిలుస్తుందో లేదో సేకరించిన సమాచారంతో తేల్చే పాఠాలు, మొదలయ్యాయి. కొత్త నిద్రమాత్ర పాతదానికన్నా ఎక్కువసేపు నిద్ర పట్టిస్తుందా అన్నది ఒక లెక్క. తేడా ఏమీ లేదనే శూన్య పరికల్పనతో మొదలుపెట్టి, పి-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా కనబడే సంభావ్యత) 0.18 అని సరిగ్గానే సాధించి, హద్దుగా పెట్టుకున్న 0.05 కన్నా ఎక్కువే కాబట్టి ‘రెండు మాత్రలకూ తేడా లేదు’ అని రాశాను. పదికి ఆరు మార్కులు వచ్చాయి. పక్కన ఒక వ్యాఖ్య: ‘లెక్క నిర్దుష్టంగా ఉంది. తేడా లేదని మీకెవరు చెప్పారు?’

ఆ ప్రశ్న నాకు కోపం తెప్పించిందని దాచకుండా చెబుతున్నాను. మన చదువుల్లో లెక్క తేలితే, జవాబు కింద రెండు గీతలు గీస్తే, పని అయిపోయినట్టే. ఆ జవాబును వాక్యంలో పెట్టడం ఎవరూ అడగలేదు, అడిగినా దానికి మార్కులుండేవి కావు. ఇక్కడేమో లెక్క యంత్రం చేసిపెడుతుంది, మార్కులన్నీ వాక్యానికే. పాఠం మళ్లీ చదివాను, వీడియో రెండుసార్లు చూశాను; ‘శూన్య పరికల్పనను తిరస్కరించడంలో విఫలమయ్యాం’ అన్న ఇంగ్లిషు పలుకుబడి ఎంతకీ మింగుడు పడలేదు. పరీక్షలో తప్పడం లాంటి మాటను తీసుకొచ్చి ముగింపులో ఎందుకు పెట్టారో అర్థం కాలేదు.

అది అర్థమైంది వంటింట్లో. మా అమ్మాయి బడి ప్రాజెక్టు కోసం కత్తెర వెతికి వచ్చి, ‘అమ్మా, ఇంట్లో కత్తెర లేదు’ అంది. ‘లేదు కాదు, నీకు దొరకలేదు’ అన్నాను, ఏ తల్లయినా అనే మాటే. అన్న తరువాత చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాను. అది ఒక సొరుగు తెరిచి చూసి ఉంటుంది. నాలుగు సొరుగులూ అటకా వెతికి లేదంటే ఆ మాటకు బరువు వేరు. వెతుకులాట ఎంత చిన్నదైతే ‘దొరకలేదు’ అన్నదానికి విలువ అంత తక్కువ. నిద్రమాత్ర లెక్కలో రోగులు పన్నెండుమందే. పన్నెండుమందిలో వెతికి తేడా దొరకలేదన్నానంటే ఒక్క సొరుగు చూసినట్టే. ఉన్న తేడాను ఇలా చూడకుండా వదిలేయడాన్నే పుస్తకం రెండో రకం దోషం అంటుంది. ఆ రాత్రి నుంచి ప్రతి ముగింపునూ ముందు తెలుగులో, ‘దొరికింది’ లేదా ‘దొరకలేదు’ అని రాసుకుని, తరువాతే ఇంగ్లిషులోకి మార్చేదాన్ని. మాటల విషయంలో ఈ పట్టింపు మన ఇళ్లలో ఉన్నదే. బియ్యం అయిపోతే ‘లేవు’ అనకూడదని, ‘నిండుకున్నాయి’ అనాలని మా అమ్మ ఇప్పటికీ ఫోనులో సరిదిద్దుతుంది. అది శకునం కోసం అనుకోండి. అయినా నోటికొచ్చినట్టు లేదనేయకూడదన్న అలవాటు ఈ కోర్సులో నాకు పనికొచ్చింది.

రెండో దెబ్బ విశ్వాస అంతరం (నమూనాను బట్టి అసలు సగటు ఏ రెండు సంఖ్యల మధ్య ఉంటుందో వేసే అంచనా) దగ్గర తగిలింది. సగటు 95 శాతం సంభావ్యతతో ఈ రెండు సంఖ్యల మధ్య ఉంటుందని రాస్తే మళ్లీ మార్కులు పోయాయి. ఇందులోని మెలిక ఇది: అసలు సగటు మనకు తెలియకపోయినా ఎక్కడో ఒకచోట స్థిరంగా ఉంది, కదిలేది మన అంతరమే. తిరునాళ్లలో సబ్బుబిళ్లల మీద రింగులు విసిరే ఆట గుర్తుంది కదా. సబ్బు కదలదు, పడే రింగే ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. వందసార్లు విసిరితే 95 సార్లు సబ్బును చుట్టే చెయ్యి అని చెప్పవచ్చు. విసిరి కిందపడిన ఈ రింగు మాత్రం చుట్టిందో, చుట్టలేదో, రెంటిలో ఒకటే. కాబట్టి 95 శాతం అన్నది చేతికి ఇచ్చే కితాబు, ఈ ఒక్క విసురుకు కాదు. ఈ సంగతి పట్టుబడటానికి నాకు రెండు వారాలు పట్టింది, మధ్యలో ఒక క్విజ్ కూడా పోయింది.

చిన్న నమూనాలతో వాడే టి-విభాజనాన్ని ‘స్టూడెంట్ టి’ అంటారు. విద్యార్థుల కోసం తేలిక చేసినది కాబోలు అని చాలా రోజులు అనుకున్నాను. నిజానికి ‘స్టూడెంట్’ అన్నది డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో తన వ్యాసానికి పెట్టుకున్న మారుపేరు.

పరీక్షలు రెండూ వెబ్‌క్యామ్ నిఘాలో జరిగాయి. మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్ ఎత్తి గదంతా తిప్పి చూపించాలి. మా ఇంట్లో రాత్రి ఖాళీగా ఉండేది వంటింటి బల్ల ఒక్కటే కాబట్టి, పోపుల డబ్బా, పచ్చడి జాడీ, ఫ్రిజ్ మీద అంటించిన బడి సెలవుల పట్టిక అన్నీ ఆ వీడియోలోకి ఎక్కాయి. మధ్యలో మావారు మంచినీళ్ల కోసం వచ్చి, తెర చూసి, దొంగలా వంగి నడుచుకుంటూ వెనక్కి వెళ్లారు. మామూలుగా నడిచి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ వంగి నడవడాన్ని సాఫ్ట్‌వేర్ అనుమానాస్పదంగా గుర్తుపెట్టింది. అధ్యాపకురాలు ఆ వీడియో స్వయంగా చూసి కొట్టివేశారు. నేరం లేదని కాదు, దొరకలేదని.

చివరి ప్రాజెక్టుకు సొంతంగా కొలిచిన సమాచారం కావాలి. మా వీధి చివర ఆగే సిటీ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తుందో 36 పనిదినాలు కొలిచాను. మా అమ్మాయి ఎక్కేది అదే. ప్లాస్కులో కాఫీ పట్టుకుని, చేతి సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి నిమిషాలు రాసుకుంటుంటే, రోజూ అక్కడ నిలబడే ఒక పెద్దాయన మూడో రోజు, మీరు రవాణా శాఖవారా అని అడిగాడు. సగటు 7 నిమిషాలు, ప్రామాణిక విచలనం 3 నిమిషాలు వచ్చాయి; 95 శాతం విశ్వాస అంతరం ఇంచుమించు 6 నుంచి 8 నిమిషాలు. ఈసారి వాక్యాన్ని బంగారం తూచినట్టు తూచి రాశాను: ‘ఈ పద్ధతిలో 95 శాతం విశ్వాసంతో, మా వీధి బస్సు సగటు ఆలస్యం 6 నుంచి 8 నిమిషాల మధ్య ఉందని అంచనా వేస్తున్నాను.’

అయినా రెండు మార్కులు తగ్గాయి. వ్యాఖ్య ఇలా ఉంది: ‘వాక్యం బాగుంది. కానీ మీరు కొలిచిన 36 రోజులూ వరుస రోజులు, అన్నీ ఉదయం 7:40 బస్సులే. సాయంత్రపు బస్సు గురించి మీకేం తెలుసు?’ ఏమీ తెలియదు. దిద్ది పంపడానికి ఒక్క అవకాశం ఇచ్చేవారు; ‘మా వీధి బస్సు’ అన్నచోట ‘ఈ శరదృతువులో మా వీధికి ఉదయం 7:40కి రావలసిన బస్సు’ అని మార్చి, యాదృచ్ఛికంగా ఎంచిన నమూనా కాదని కింద ఒప్పుకుంటూ ఇంకో వాక్యం చేర్చాను. ఒక మార్కు తిరిగి వచ్చింది. రెండోదాని గురించి అడగలేదు; అప్పటికే మైక్రోబయాలజీ రిజిస్ట్రేషన్ తెరిచారు, వెయిటింగ్ లిస్టులో నాది పదకొండో పేరు.