మిక్రో హోరియో: దూలాలతో సహా దిగిపోయిన ఊరు

గ్రీసులోని రోడ్స్ దీవి నుంచి టిలోస్ దీవికి ఓడలో రెండు గంటలే. కానీ ఓడ రోజూ ఉండదు. ఒక్క పూటలో చూసేసి రావాలనుకున్నా లివాడియా రేవులో గది తీసుకోక తప్పదు. ఆగస్టులో ఆ అద్దెలు మండిపోతుంటాయి.

టిలోస్‌లో పాడుబడిన ఊరు మిక్రో హోరియోను 'దెయ్యాల ఊరు' అని చెప్పి యాత్రికులకు అమ్ముతున్నారు. నాకది నచ్చలేదు. సముద్రపు దొంగల భయానికి రేవుకు దూరంగా, కొండ మీద కట్టుకున్న ఊరది. దొంగల భయం పోయాక సరుకూ, డబ్బూ, పనీ అన్నీ రేవు దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొందరు రోడ్స్, ఏథెన్స్, అమెరికా, ఆస్ట్రేలియాలకు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు లివాడియాకు దిగారు. 1960లలో ఆఖరి ఇళ్లూ ఖాళీ అయ్యాయి.

దీవిలో కలప దొరకడం కష్టం. అందుకే పోయేవాళ్లు కప్పు విప్పి దూలాలు పట్టుకెళ్లారు. మన రాయలసీమ మట్టిమిద్దెలాగే ఇక్కడా రాతిగోడల మీద దూలాలు, వాటి మీద రెల్లు, పైన బంకమట్టి. గోడల పైభాగంలో దూలాల తలలు కూర్చున్న గుంటలు వరసగా ఇప్పటికీ కనిపిస్తాయి. గది ఎంత వెడల్పుండాలో దొరికిన దూలం పొడవే తేల్చేది. అందుకే గదులన్నీ అంత ఇరుకు. కప్పు పోయిన గోడకు పైనుంచే చేటు మొదలవుతుంది. చలికాలపు వానకు రాళ్ల మధ్య మట్టి కరిగి పైవరస జారుతుంది. సందుల్లో అంజూరపు వేళ్లు దిగాయంటే ఇక గోడ నిలవదు. చర్చికి మాత్రం సున్నం కొట్టి చక్కగా చూసుకుంటున్నారు. వేసవి రాత్రుళ్లు బాగుచేసిన ఒక ఇంట్లో బార్ కూడా నడుస్తుంది.

2011 లెక్కల్లో దీవి మొత్తానికి 780 మంది. వేసవిలో లివాడియా వీధిలో సందడి చూసి జనం పెరిగారనుకోకూడదు. అందులో చాలామంది శరదృతువు వచ్చేసరికి వెళ్లిపోయేవాళ్లే. చలికాలంలో బడికి పిల్లలుండాలి, దుకాణం తెరిచేవాళ్లుండాలి. దీవి నిలవాలంటే వీళ్లే కావాలి. అందుకే సిరియా శరణార్థి కుటుంబాలకు ఇక్కడ చోటివ్వడం, కొందరికి హోటళ్లలో పని దొరకడం నాకు ఎంతో మంచి పనిగా తోచింది.

లివాడియా నుంచి మిక్రో హోరియోకు నడిస్తే గంటలోపే. పొద్దున్నే బయల్దేరండి, దారిలో నీడ లేదు. నీళ్లు కింద రేవులోనే కొనుక్కోండి. గోడలెక్కకండి, పైవరస రాళ్లు వదులుగా ఉన్నాయి.