గుప్తేశ్వరం దారిలో గుగ్గిలం చెట్లు

ఒడిశాలోని జయపురంలో ఉండే తెలుగువాళ్లకి శివరాత్రి అంటే గుప్తేశ్వరమే, అడవిలో గుహలో ఉన్న శివుడి గుడి. నాకు మాత్రం ఆ రద్దీ తగ్గాక, ఫాల్గుణంలో వెళ్లడం ఇష్టం. గుగ్గిలం చెట్లు, అంటే సాల వృక్షాలు, పండుటాకు రాల్చి ఎర్రగా చిగురిస్తాయి. తెల్లవారుజామున ఇప్పపూలు రాలి ఆ తీపి వాసన రోడ్డు మీదికి వస్తుంది.

ఈసారి బాబాయి తోడొచ్చారు. ఆయన ఫారెస్ట్ గార్డుగా చేసి రిటైరయ్యారు. బొయిపరిగుడ మీదుగా 60 కిలోమీటర్ల లోపే ప్రయాణం. దారిలో నా మనసులో ఉన్నది చెప్పేశాను. నాన్న పోయాక నాకు జపం కుదరడం లేదు. పంచాక్షరి నేర్పింది ఆయనే. కార్తీకంలో మొదలుపెడతాను, సంక్రాంతికి ఆగిపోతుంది. శివరాత్రికి మళ్లీ కూర్చుంటాను, ఉగాది రాకముందే మనసు ఎండిపోతుంది. ఇంత చేసీ ఏం లాభమని ఒకటే టెన్షన్. బాబాయి విని ఊరుకున్నారు.

రామగిరి దాటాక ఒకచోట కారు ఆపమన్నారు. పెద్ద చెట్ల కింద గొంతుక్కూర్చుని, రాలిన ఆకులు చేత్తో పక్కకి తోశారు. జానెడు పుల్ల ఒకటి కనబడింది, నల్లగా ఎండిపోయి ఉంది. "చచ్చిందనుకుంటున్నావు కదమ్మా, ఇటు చూడు" అని మొదట్లో మట్టి కాస్త తీశారు. వేరు నా బొటనవేలంత లావుంది. పుల్లకీ వేరుకీ పొంతనే లేదు. ఆ రెండూ కలిసే చోట బియ్యపుగింజంత ఎర్రటి మొలక.

గుగ్గిలం మొక్క పద్ధతే అంతట. వానలకి లేస్తుంది, ఎండలకో మంటకో పైన ఉన్నదంతా పోతుంది. వేరు మాత్రం బతికే ఉండి ఏటికేడాది బలుస్తుంది. ఇప్పపూలు ఏరుకోవడానికి వీలుగా కింద ఆకులకి నిప్పు పెడతారు, అప్పుడూ ఇలాగే కాలిపోయి మళ్లీ చిగురేస్తుంది. ఇలా ఏళ్ల తరబడి. వేరుకి సత్తువ వచ్చి, పైన కొమ్మల సందున వెలుతురు పడినప్పుడు ఇక ఆగకుండా ఎదుగుతుంది.

"ఎన్నేళ్లు పడుతుంది బాబాయ్?"

"పదేళ్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అది లెక్కపెట్టుకోదు కదమ్మా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండిన పుల్లనే చూసుకుంటూ ఇన్నాళ్లూ ఏడ్చాను. నాన్న నాటింది పుల్లలో లేదు.

ఈ చెట్టు మనకి కొత్తదేం కాదు. ధూపంలో వేసే గుగ్గిలం దీని జిగురే, బెరడుకి గాటు పడిన చోటే కారుతుంది. ఒడియా వాళ్లు దాన్ని ఝుణా అంటారు. ఆకులతో విస్తళ్లు కుడతారు. ఈ గుడిని ఆనుకున్న 350 హెక్టార్ల అడవిని ఒడిశా ప్రభుత్వం 2024లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. చాలా మంచి పని. ఈ అడవి లేకపోతే గుప్తేశ్వరుడి దర్శనం సగమే.

చంపా చెట్ల మధ్య మెట్లెక్కి గుహలోకి వెళ్లాం. చల్లగా ఉంది, దీపాల వెలుగులో మనిషెత్తు లింగం. పక్కనే ఎవరో రుద్రం చదువుతున్నారు. "నమో వృక్షేభ్యో హరికేశేభ్యః" దగ్గర నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పచ్చని ఆకులే జుట్టుగా ఉన్న చెట్లకి నమస్కారమట. చిన్నప్పటి నుంచి వింటున్న నమకమే, రెండో అనువాకమే. ఆ మాట అంతవరకూ నాలో దిగలేదు.

తర్వాత కొలాబ్ నది ఒడ్డున కూర్చున్నాం. ఈ నీళ్లే కిందికి పోయి శబరి పేరుతో కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. అక్కడే కళ్లు మూసుకుని ఒక మాల జపం చేసుకున్నాను. రేపు సాగుతుందో లేదో అన్న ఆలోచన రాలేదు.

జూన్‌లో గుగ్గిలం గింజలు రాలతాయట, రెక్కలతో గిరగిరా తిరుగుతూ. తడి తగిలి వారం రోజుల్లో మొలకెత్తకపోతే చాలావరకు పనికిరావు. ఆ వారంలో మళ్లీ వద్దామన్నారు బాబాయి. పిల్లల్ని కూడా తీసుకెళ్లి ఆ ఎండు పుల్ల దగ్గర ఆపుదామనుకుంటున్నాను.