ఊడిపోయిన కార్డు ఎర్రర్ ఇవ్వదు

నడుస్తున్న మెషీన్ నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు లాగేస్తే లినక్స్ కెర్నల్ హ్యాంగ్ అవుతోందని దాన్ని సరిచేసే ఒక ప్యాచ్ (కోడ్ మార్పు) నా దగ్గరికి రివ్యూకి వచ్చింది. చాలా చిన్నది. కార్డు రిజిస్టర్ (కార్డు తన స్థితి చూపే చిన్న చోటు) చదివే ముందు "డివైజ్ ఉందా?" అని ఒక చెక్, లేకపోతే రిటర్న్. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, నాకే నచ్చలేదు.

కార్డు పోయాక దాని రిజిస్టర్ చదివితే చాలా మెషీన్లలో అన్ని బిట్లూ 1గా ఉన్న విలువ వస్తుంది. కార్డుని నడిపే ఈ డ్రైవర్‌లోనేమో బిజీ బిట్ 0 అయ్యేదాకా తిరిగే లూప్ ఉంది, అదీ స్పిన్‌లాక్ (ఇతరులు తిరుగుతూ ఎదురుచూడాల్సిన తాళం) పట్టుకుని. కార్డే లేనప్పుడు ఆ బిట్ 0 ఎందుకవుతుంది? కాసేపటికి లాగ్ నిండా సాఫ్ట్ లాకప్ (సీపీయూ ఒకే చోట ఇరుక్కుపోయిందనే) మెసేజ్‌లే.

చెక్ దాటాక, చదివేలోపు కార్డు లాగితే మళ్లీ అదే కథ. పైగా స్లాట్ ఖాళీ అయిందని హాట్‌ప్లగ్ డ్రైవర్ (నడుస్తుండగా కార్డు పెట్టడం, తీయడం చూసుకునేది) గమనించి డివైజ్‌కి గుర్తు పెట్టేసరికి కొంత టైమ్ పడుతుంది. అప్పటిదాకా ఈ చెక్ "ఉంది" అనే అంటుంది. కమిట్ మెసేజ్‌లో "రేస్ సరిచేశాం" (రేస్ అంటే ఏ పని ముందు జరిగిందన్నదాన్ని బట్టి వచ్చే తప్పు) అని రాశారు గానీ, జరిగిందల్లా అది అరుదుగా కనిపించేలా చేయడమే. అలాంటి బగ్‌ని పట్టుకోవడం ఇంకా కష్టం. చదివాక వచ్చిన విలువ మొత్తం 1లేనా అని చూడమన్నాను. ఆ రిజిస్టర్‌లో అది మామూలుగానే రాగలిగితే, వెండర్ ఐడీ (తయారీదారు నంబర్) కూడా చదివి రూఢి చేసుకోవాలి. లూప్‌కి టైమ్‌అవుట్ ఎలాగూ ఉండాల్సిందే.

కార్డు తీసేసినప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్‌లో వరస కూడా తలకిందులుగా ఉంది. బఫర్ ముందే ఫ్రీ చేసి, పెండింగ్ వర్క్‌ని ఆ తర్వాత రద్దు చేస్తున్నారు. ముందు యూజర్‌స్పేస్ (మామూలు ప్రోగ్రాములు) నుంచి కొత్త పని రాకుండా ఆపాలి. వర్క్‌ని క్యూలో పెట్టేది ఇంటరప్ట్ హ్యాండ్లరే (కార్డు సంకేతమిస్తే నడిచే కోడ్) కాబట్టి తర్వాత ఐఆర్‌క్యూ (ఆ సంకేతం వచ్చే లైన్) వదలాలి, ఆపైన వర్క్ రద్దు, చివర్లో మెమరీ. రద్దు చేసేటప్పుడు ఆ వర్క్‌కి కావాల్సిన మ్యూటెక్స్ (ఒక్కసారికి ఒకరికే దొరికే తాళం) మన చేతిలో ఉంటే డెడ్‌లాకే, ఒకరికోసం ఒకరు ఆగిపోతారు.

టెస్టింగ్ అంతా సిస్‌ఎఫ్ఎస్‌లోని (కెర్నల్ డివైజ్‌లని ఫైళ్లుగా చూపే చోటు) రిమూవ్ ఫైల్‌కి 1 రాసి చేశారట. అది అతిథిని చెప్పి సాగనంపినట్టు. కార్డు స్లాట్‌లోనే ఉండి జవాబిస్తూనే ఉంటుంది. హాట్‌ప్లగ్ స్లాట్‌లో పెట్టి, ట్రాఫిక్ నడుస్తుండగా చేత్తో లాగి, కేఏశాన్ (మెమరీ తప్పులు పట్టే టూల్) ఆన్ చేసిన కెర్నల్ మీద చూడమన్నాను.

రెండో వెర్షన్‌లో ఇవన్నీ సరిచేశారు. ఇంకొకటి మిగిలింది: డివైజ్ ఫైల్ తెరిచి ఉంచిన ప్రాసెస్, రిమూవ్ పూర్తయ్యాక క్లోజ్ చేస్తే ఫ్రీ అయిపోయిన స్ట్రక్చర్‌నే ముట్టుకుంటుంది. దానికి రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) పెట్టి వేరే ప్యాచ్‌గా పంపమన్నాను.