ఖర్చు కాని పద్దు

విశ్వావసు ఉగాది, ఆదివారం

ఈసారి ఉగాది 2025 మార్చి 30న వచ్చింది. ఆర్థిక సంవత్సరానికి ఆఖరు రోజు రేపే, రంజానూ రేపే. సెలవైనా సరే, ప్రభుత్వ లావాదేవీల కోసం బ్యాంకులు తెరిచి ఉంచమని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఉద్యోగమంతా ట్రెజరీలోనే గడిపినవాడిని కనుక మార్చి 31 అంటే నాకు ఇప్పటికీ టోకెన్ నంబర్లే గుర్తుకొస్తాయి. అర్ధరాత్రి దాకా బిల్లులు, వరండాలో ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ గుమస్తాలు, "సార్, ఈ ఒక్కటీ చూడండి" అని బతిమాలటాలు. గడువులోపు ఖర్చు చేయకపోతే వచ్చిన డబ్బు మురిగి ల్యాప్స్ అయిపోతుందన్న భయం మనిషిని ఎంత చిన్నవాణ్ణి చేస్తుందో ఆ వరండాలో చూశాను.

అందుకేనేమో, కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పద్దు మీద పార్లమెంటు స్థాయీ సంఘం (శాఖల లెక్కలు పరిశీలించే ఎంపీల కమిటీ) ఇచ్చిన నివేదిక గురించి పత్రికలో చదివినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. పొద్దున తలంటు పోసుకుని, పచ్చడి కలిపేలోపు ఫోను ముందేసుకుని కూర్చున్నాను.

"పండగ పూట కూడా లెక్కలేనా మీకు? ఆ వేపపువ్వు కాస్త కడిగి పెట్టండి" అంది మా ఆవిడ.

పువ్వు మా సందు మలుపులో ఉన్న చెట్టుదే. పాత చీర పరిచి, కొమ్మ దులిపి తెచ్చింది. గిన్నెలో నీళ్ళు పోసి చేత్తో కలిపాను. తెల్లటి రేకలు పైకి తేలాయి, నీళ్ళు మాత్రం బూడిద కలిపినట్లు మారాయి. ఒంపేసి మళ్ళీ పోస్తే మళ్ళీ అదే రంగు. గిన్నె అడుగున వేలితో రాస్తే సన్నటి ఇసుక తగిలింది. తెలంగాణ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయం హైదరాబాద్‌లోని మా సనత్‌నగర్‌లోనే ఉందని చెబితే మా చుట్టాలు నవ్వుతారు.

ఇక నివేదిక సంగతి. రాజ్యసభ ఎంపీ భువనేశ్వర్ కలితా అధ్యక్షతన ఉన్న సంఘం అది. 'కాలుష్య నియంత్రణ' అనే పథకానికి 2024-25లో కేటాయించింది 858 కోట్ల రూపాయలు. జనవరి 21 నాటికి ఖర్చయింది 7.22 కోట్లు. నూటికి ఒక్క రూపాయి కూడా కాదు. ఏడాది నడుమ సవరించిన అంచనాల ప్రకారం మంత్రిత్వ శాఖ మొత్తం కేటాయింపులో నాలుగో వంతుకు పైగా ఈ ఒక్క పథకానిదే. రాష్ట్రాల మండళ్ళకు సాయం, గాలి నాణ్యతను కొలిచే కేంద్రాలు, జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం, అన్నీ దీని కిందికే వస్తాయి.

ఎందుకు ఖర్చు కాలేదయ్యా అంటే, పథకాన్ని 2025-26 దాకా కొనసాగించడానికి అనుమతి ఇంకా రాలేదట. ఈ మాట చదివి ఇతరులు ఆశ్చర్యపోవచ్చు గానీ నాకు ఆ గదుల వాసన తెలుసు. బడ్జెట్ పుస్తకంలో అంకె పడినంత మాత్రాన డబ్బు కదలదు. మంజూరు ఉత్తర్వు లేని బిల్లు మీద మేం కూడా అబ్జెక్షన్ రాసి వెనక్కి పంపేవాళ్ళం. ఒక్కోసారి బిల్లు తెచ్చినవాడిది న్యాయమే అని తెలిసీ పంపేవాళ్ళం.

నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం ఆ తేదీ. జనవరి 21 అంటే సంవత్సరంలో మిగిలింది రెండు నెలల పది రోజులు. చివరి త్రైమాసికంలో 33 శాతం, ఒక్క మార్చిలో 15 శాతం మించి ఖర్చు పెట్టకూడదని ఆర్థిక శాఖ నిబంధన ఒకటి ఉంది. మార్చి నెలలో ఎడాపెడా చెక్కులు కోయడాన్ని ఆపడానికి పెట్టిన మంచి నిబంధనే. కానీ పది నెలలు చేతులు కట్టేసి, ఆఖరున విప్పి, ఇప్పుడు నెమ్మదిగా నడవమంటే ఎలా? అనుమతి ఫిబ్రవరిలో వచ్చినా ముహూర్తం దాటాక మంగళసూత్రం తెచ్చినట్లే.

మధ్యాహ్నం పక్కింటి మాస్టారు పులిహోర గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి, "ఖర్చు కాలేదంటే ప్రజల డబ్బు మిగిలినట్లే కదండీ! మీరెందుకు అంతగా బాధపడుతున్నారు?" అన్నారు. తిని పారేసిన కుంభకోణమైతే ఆయనకూ కోపం వచ్చేది. దొంగతనం మీద వచ్చే కోపం నిద్ర మీద రాదు మనకు. "మిగిలింది ఢిల్లీలో మాస్టారూ, మురికి ఇక్కడ" అని వేపపువ్వు గిన్నె సంగతి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. వేపచెట్టు రోడ్డు పక్కన ఉంటే దుమ్ము పడదా అన్నారు. అదీ నిజమే.

పైగా లెక్క లెక్కే కనుక ఆయనకు ఇంకోటి కూడా చెప్పాల్సి వచ్చింది. స్వచ్ఛ వాయు కార్యక్రమంలో మన రాష్ట్రం నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు వంటివి ఉన్నాయి. హైదరాబాద్ పది లక్షలు దాటిన నగరం కాబట్టి దానికి డబ్బు 15వ ఆర్థిక సంఘం గ్రాంటు దారిన వస్తుంది. ఈ 858 కోట్ల దారి చిన్న ఊళ్ళది. ఆ లెక్కన నా గిన్నెలోని బూడిద నీళ్ళకూ ఆ 7.22 కోట్లకూ నేరుగా చుట్టరికం లేదు. ఇక్కడ రాత్రిళ్ళు పెద్ద రోడ్డు మీద ఊడ్చే యంత్రం తిరుగుతుంది. 2019లో ఈ కార్యక్రమం మొదలయ్యాక నగరాల పనితీరును ముఖ్యంగా పీఎం 10 అనే పెద్ద ధూళి కణాలతోనే కొలుస్తున్నారు. అందుకే అందరూ రోడ్లు ఊడ్చే పని మీద పడ్డారు. కార్యక్రమం నిధుల్లో 64 శాతం దుమ్ము పనులకే పోయిందని, పరిశ్రమల కాలుష్యానికి ఒక్క శాతం కూడా దక్కలేదని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) అనే పర్యావరణ సంస్థ నిరుడు లెక్క తేల్చింది. పటాన్‌చెరు వాళ్ళు ఈ మాట విని ఏమనుకుంటారో!

లోక్‌సభలో కొన్ని శాఖల పద్దుల మీదే చర్చ జరుగుతుంది. మిగిలినవాటిని గడువు రోజున 'గిలటిన్' కింద, అంటే చర్చ లేకుండానే, ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు. కాబట్టి ఏ శాఖ లెక్కనైనా వరస తప్పకుండా చదివేది ఈ స్థాయీ సంఘాలే. 1993లో 17తో మొదలై ఇప్పుడు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. మంత్రులకు అందులో చోటు లేదు. తలుపులు మూసి కూర్చుంటారు కనుక కెమెరా కోసం అరిచే పని కూడా లేదు. సిఫారసులు పాటించి తీరాలన్న నియమం లేదు గానీ, ఏం చేశారో మూడు నెలల్లో ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. ఆడిట్ వాళ్ళు సగం పేజీలో అభ్యంతరాలు రాసి ఇచ్చే హాఫ్ మార్జిన్ కాగితానికి మేం ఎంత భయపడేవాళ్ళమో తలుచుకుంటే, కోరలు లేని కాగితాన్ని నేను తక్కువగా చూడలేను. ఉద్యోగం పోదని తెలిసీ భయపడేవాళ్ళం. పక్క మార్జిన్‌లో మన జవాబు మనమే రాయాలి, అదీ బాధ.

అయితే సంఘం మీద నాకొక ఫిర్యాదు ఉంది. దిగ్భ్రాంతి చెందామని రాశారు, బాగుంది. అనుమతి ఫైలు ఏ నెలలో ఏ బల్ల మీద ఆగిందో తేదీలతో రాబట్టి అచ్చు వేసి ఉంటే ఇంకా బాగుండేది. కొత్త ఏడాదికి మంత్రిత్వ శాఖకు 3,412.82 కోట్లు ఇచ్చారు. సవరించిన అంచనాతో పోలిస్తే 9 శాతం పెరిగిందని చెప్పుకుంటున్నారు. నిరుటి మొదటి అంచనా 3,330 కోట్ల పైమాటే కనుక దానితో చూస్తే పెరిగింది రెండున్నర శాతమే. నిరుడు కత్తిరించినదాన్ని ఈ ఏడాది పెంపుగా చూపడం మా జిల్లా కార్యాలయాల్లోనూ తెలిసిన విద్యే.

సాయంత్రం గుడిలో పంచాంగ శ్రవణానికి వెళ్ళి వచ్చేసరికి టీవీలో కంచ గచ్చిబౌలి. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లో చెట్లు తొలగించే యంత్రాలు దిగాయి, పోలీసులు విద్యార్థులను వ్యాన్లలో ఎక్కిస్తున్నారు. ఈ ఢిల్లీ పద్దులో దానికి ఒక గీత కూడా ఉండదు. అయినా నేను మాట్లాడలేదు, మా ఆవిడా మాట్లాడలేదు.

రేపు అర్ధరాత్రికి 2024-25 మూసేస్తారు. 858 కోట్లలో చివరికి ఎంత కదిలిందో తెలిపే వాస్తవ ఖర్చు అంకె వచ్చే ఫిబ్రవరి బడ్జెట్ పత్రాల్లో గాని అచ్చు కాదు. సంఘానికి ప్రభుత్వం ఇచ్చే జవాబు అంతకన్నా ముందే రావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఈ డైరీలోనే కొత్త ఏడాది పేజీలో రాసుకున్నాను.