ఇంటి చదువుకు ముందు కట్టాల్సిన ఫైలు

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకునే తల్లిదండ్రులు తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ మొట్టమొదట అడిగే మాట: "ఎక్కడ రిజిస్టర్ చేయించుకోవాలి?" ఎక్కడా లేదు. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో దానికి ఫారం లేదు, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసులోనూ లేదు. అమెరికాలో ఉన్న చుట్టాలు వాట్సాప్‌లో పంపే నోటీసు నమూనాలు అక్కడి రాష్ట్రాల చట్టాలకు తగ్గట్టు రాసినవి. వాటిని తెలుగులోకి మార్చి ఎంఈఓకు ఇచ్చినా ఆయన దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక పక్కన పెడతారు. ఇక్కడ మీ తరఫున మాట్లాడేది మీ దగ్గరున్న కాగితాలే. అందులోనూ ముఖ్యమైనవి మార్కుల కాగితాలు కావు. పిల్లవాడెవరు, ఎప్పుడు పుట్టాడు, ఏ ఏడాది ఎక్కడున్నాడు అని చెప్పే కాగితాలు. మార్కులు పరీక్ష రాసి ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. ఎనిమిదేళ్ల కిందట ఫలానా ఇంట్లో ఉన్నామనే రుజువును ఈరోజు తయారు చేయలేం.

ముందు చట్టం. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అది వర్తిస్తుంది. 10వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఇంత జరిమానా, ఇంత శిక్ష అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. అలాగని ఇంటి చదువుకు అనుమతి ఇచ్చిన వాక్యమూ లేదు. చట్టంలో బడి అంటే ప్రభుత్వ బడి, ఎయిడెడ్ బడి, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి వగైరా. ఇల్లు ఆ లెక్కలో లేదు. కాబట్టి "పూర్తిగా చట్టబద్ధం" అని ధీమాగా చెప్పేవాళ్ల మాట, "జైల్లో వేస్తారు" అని భయపెట్టేవాళ్ల మాట రెండూ పట్టించుకోవద్దు. పద్నాలుగేళ్లు నిండేదాకా చట్టం బడి వైపే మొగ్గి ఉందని తెలుసుకునే ఈ దారిలోకి దిగాలి.

తిరుపతిలో ఎక్కువగా వినిపించే ఒక పొరపాటు ఉంది. "వేద పాఠశాలలకు మినహాయింపు ఉంది కదా, మా అబ్బాయికి ఇంట్లో సంధ్యావందనం, సంస్కృతం నేర్పిస్తున్నాం, మాకూ వర్తిస్తుంది" అంటారు. వర్తించదు. 2012 సవరణ మదర్సాలను, వేద పాఠశాలలను, ప్రధానంగా మత విద్య చెప్పే సంస్థలను చట్టం నుంచి తప్పించింది. అది సంస్థలకు ఇచ్చిన మినహాయింపు. ధర్మగిరి వేద పాఠశాలలో చేరిన పిల్లవాడి సంగతి వేరు, ఇంట్లో గురువుగారి దగ్గర నేర్చుకునే పిల్లవాడి సంగతి వేరు.

రెండో పొరపాటు ఇంకా ఖరీదైనది. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని, ఒక టీచరును పెట్టి, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా పిల్లల్ని కూర్చోబెడతారు. ఫీజు పంచుకుంటారు. బయట చిన్న బోర్డు కూడా పెడతారు. ఆ క్షణం నుంచి అధికారుల కంటికి అది గుర్తింపు లేని బడి. 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకు పదివేల చొప్పున పడొచ్చు. వారానికి రెండు సాయంత్రాలు కలిసి కూర్చుని సైన్సు ప్రయోగాలు చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. వేళలు, ఫీజు, బోర్డు, జీతం తీసుకునే టీచరు ఈ నాలుగూ ఒకచోట చేరనివ్వకండి. ప్రభుత్వ టీచరును ట్యూషన్‌కు పిలవొద్దు. 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని నిషేధించింది, ఇబ్బంది ఆయనకు వస్తుంది.

దుకాణాలున్న కుటుంబాలకు ఒక మాట. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పొద్దున పదకొండు గంటలకు పన్నెండేళ్ల పిల్లవాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే చూసినవాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తారు, చేయడం న్యాయం కూడా. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలు సొంత కుటుంబ పనిలో సాయం చేయడానికి ఒప్పుకుంటుంది, కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో మాత్రమే. లెక్కలు నేర్పడానికి కొట్టు మంచి చోటే. సాయంత్రం నేర్పండి.

బడి నుంచి తప్పిస్తున్నట్లయితే మధ్యలో మాన్పించేయకండి. విద్యా సంవత్సరం చివర టీసీ తీసుకోండి. టీసీతో పాటు ఒకటో తరగతి నుంచి ఏ ఏడాది ఏ తరగతి చదివాడో వివరంగా రాసిన స్టడీ సర్టిఫికెట్, ప్రోగ్రెస్ కార్డులు, యూడైస్‌లో, అంటే బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితాలో, పిల్లవాడికి ఉన్న శాశ్వత విద్యా నంబరు (పెన్) అడిగి తీసుకోండి. స్టడీ సర్టిఫికెట్ మీద హెడ్మాస్టరు సంతకం, బడి సీలు, తేదీ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. పదేళ్ల తర్వాత ఆ ప్రైవేటు బడి ఉంటుందన్న నమ్మకం లేదు. టీసీ ఇచ్చాక బడి వాళ్లు పిల్లవాడి పేరును యూడైస్‌లో డ్రాప్ బాక్స్‌లో, అంటే బడి వదిలినవాళ్ల గడిలో, వేస్తారు. వేరే బడి ఆ పేరును తీసుకునేదాకా అక్కడే ఉంటుంది. అందుకే కొన్నాళ్లకు విద్యాశాఖ క్లస్టర్ సిబ్బంది (సీఆర్పీ) గానీ గ్రామ, వార్డు సచివాలయం నుంచి సంక్షేమ విద్యా సహాయకులు గానీ మీ ఇంటికొస్తారు. బడి ఈడు పిల్లల లెక్క రాయడం వాళ్ల ఉద్యోగం. వాదనకు దిగకండి, పిల్లవాడిని దాచకండి. కూర్చోబెట్టి ఫైలు చూపించండి. రాతపూర్వకంగా ఏదైనా ఇమ్మంటే ఒక పేజీ ఉత్తరం రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకుని దాచండి. బడి బయట పిల్లల జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు.

ఇక్కడే చాలామంది ఒక అడ్డదారి చూపిస్తారు: పేరు ఒక బడిలో, పిల్లవాడు ఇంట్లో. రోజూ హాజరు పడుతుంది, పరీక్షలకు వెళ్లొస్తే చాలు అంటారు. మేము దీన్ని గట్టిగా వద్దంటాం. ఆ హాజరు అబద్ధం. ఆ హాజరు మీద, బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ఖాతాలో పడితే అది తప్పుడు పత్రంతో తీసుకున్న ప్రభుత్వ సొమ్ము అవుతుంది. ఇంటి చదువు ఎంచుకుంటే ఆ డబ్బు రాదు. అది ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇక ఫైలు. మొదటి అర పుట్టిన సర్టిఫికెట్‌ది. పుట్టిన ఊళ్లోనే పుట్టుక నమోదవుతుంది, సొంత ఊళ్లో కాదు. పూతలపట్టు పిల్లవాడు తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలో పుడితే సర్టిఫికెట్ తిరుపతి నగరపాలక సంస్థ ఇస్తుంది. చాలా సర్టిఫికెట్లలో పిల్లవాడి పేరు గడి ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే నమోదు నాటికి బారసాల కాలేదు. పుట్టిన ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్లదాకా వీలుంటుంది. ఇంటి చదువు పిల్లలకు ఈ లోపం సరిగ్గా పద్నాలుగేళ్లకు, పదో తరగతికి కట్టేటప్పుడు బయటపడుతుంది. ఈరోజే తీసి చూడండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకైతే పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు.

చిత్తూరు వైపు మరో చిక్కు. కాన్పుకు వేలూరు వెళ్లే కుటుంబాలు ఎక్కువ. అక్కడి సర్టిఫికెట్ తమిళనాడుది. తమిళనాట పేరు ముందు అక్షరం తండ్రి పేరుది, మనకు ఇంటిపేరుది. తండ్రి రమేష్, ఇంటిపేరు మల్లెల అయితే అక్కడ ఆర్. హర్షిత, ఆధార్‌లో ఎం. హర్షిత, టీసీలో మల్లెల హర్షిత. ముగ్గురూ ఒకే పిల్ల అని రేపు కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ టేబుల్ దగ్గర నమ్మించడం కష్టం. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, బియ్యం కార్డు మూడింట్లో పేరు అక్షరం అక్షరం ఒకేలా ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా రాయించడం మేలు, అక్షరంగా వదిలేయొద్దు. ఆధార్ బయోమెట్రిక్ ఐదేళ్లకు, పదిహేనేళ్లకు మార్పించాలి. పదిహేనేళ్లప్పుడు మరిచిపోతే వేలిముద్ర పడక దరఖాస్తులు ఆగిపోతాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది కదా, పాత కాగితాల్లో చిత్తూరు జిల్లా అని, కొత్తవాటిలో తిరుపతి జిల్లా అని ఉంటే కంగారు పడనక్కర్లేదు. మండలం, ఊరి పేరు కలిస్తే చాలు. కానీ ఆధార్ చిరునామాను ఒకసారి కొత్త జిల్లాతో సరిచేయించుకోండి.

రెండో అర చదువుది. పిల్లకొక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఏడాదికి ఒకటి. రోజుకు ఐదారు పంక్తులు, ఆ రోజే రాయాలి. నెలాఖరున ఒకే పెన్నుతో ముప్పై రోజులవీ నింపితే చూడగానే తెలిసిపోతుంది, అలాంటి పుస్తకం లేకపోవడమే నయం. ఎలా ఉండాలంటే ఇలా:

"12-8-2025, మంగళవారం. లెక్కలు: హారాలు వేరైన భిన్నాల కూడిక, పది చేసింది, ఆరు ఒప్పు. తప్పిన నాలుగూ క.సా.గు. దగ్గరే. రేపు మళ్లీ. తెలుగు: పాఠం చదివి సొంతంగా అర పేజీ రాసింది, ఒత్తులు మూడు తప్పు. సైన్సు: అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, టికెట్టు అతికించాం. కటకాల గురించి ఇంటికొచ్చి బొమ్మ వేసింది."

ఇందులో బలం ఆ "నాలుగూ క.సా.గు. దగ్గరే" అన్న మాటలో ఉంది. "లెక్కలు చెప్పాం, బాగా చేసింది" అని వెయ్యి రోజులు రాసినా ఎవరికీ ఏమీ తెలియదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎప్పుడు పోయిందో రాస్తే చదువు నిజంగా నడిచిందని కనబడుతుంది, మీకూ పనికొస్తుంది. దీంతో పాటు మూడు నెలలకోసారి ఒక్కో సబ్జెక్టులో మూడు కాగితాలు: మొదట్లో చేసినది, మధ్యలోది, చివరిది. మంచివి మాత్రమే ఏరి పెట్టకండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో ఏ పాఠం ఎప్పుడు అయిందో విషయసూచిక మీదే తేదీ వేసుకోండి.

మళ్లీ బడికి పంపాలనుకుంటే దారి తెరిచే ఉంది. 4వ సెక్షన్ వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలంటుంది. టీసీ రావడం ఆలస్యమైందనో, వయసు రుజువు లేదనో కాదనకూడదు. 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకోవడానికి వడపోత పరీక్ష పెట్టకూడదు. అయినా మీ నోట్‌బుక్ పట్టుకెళ్లండి, పిల్ల ఎక్కడుందో క్లాస్ టీచరుకు అర్థమవుతుంది.

పదో తరగతికి రెండు దారులు: జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, లేదా ఏపీ ఓపెన్ స్కూల్. రెండింటికీ పద్నాలుగేళ్లు నిండాలి. ఏ తేదీకి నిండాలో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకుని కట్టండి. ఎన్ఐఓఎస్‌లో ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ అడగరు, పదో తరగతి కోర్సు చదవగలిగేంత నేర్చుకున్నానని స్వయంగా రాసిస్తే చాలు. తెలుగు మీడియం ఉంది. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండు సార్లు పరీక్ష, ఐదేళ్ల గడువు. ఇంటి దగ్గర రాసి పంపే టీఎంఏ అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు. వాటిని గడువులోపు అప్‌లోడ్ చేయక ఆ మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఎంపీసీ, బైపీసీ ఆలోచన ఉంటే లెక్కలు, సైన్సు వదలొద్దు. పదికీ ఇంటర్‌కూ మధ్య రెండేళ్లు ఉండాలి, తొందరపడి ఏడాది కలిసొస్తుందనుకోవద్దు.

చివరి అర నివాసానిది. అందరూ మరిచిపోయేదీ, తర్వాత ఏడిపించేదీ ఇదే. ఇంజనీరింగ్ వగైరా సీట్లకు జరిగే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్థానికత, అంటే పిల్ల ఏ ప్రాంతానికి చెందిందన్నది, స్టడీ సర్టిఫికెట్లతో తేలుస్తారు. బడిలో చదవని పిల్లలకు ఆ చోట తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి, అర్హత పరీక్షకు ముందు ఏడేళ్లది. ఇంటర్ పదిహేడేళ్లకు రాస్తే లెక్క పదేళ్ల వయసు నుంచి మొదలవుతుంది. మనది శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) పరిధి: ఉమ్మడి చిత్తూరు, నెల్లూరు, కడప, కర్నూలు, అనంతపురం. ఈ పరిధిలో ఇల్లు ఎన్నిసార్లు మారినా ఫరవాలేదు. కుప్పం నుంచి బెంగళూరుకో, నగరి నుంచి చెన్నైకో రెండేళ్లు వెళ్లొస్తే లెక్క తెగే ప్రమాదం ఉంది. కొన్నేళ్లు బడి, కొన్నేళ్లు ఇల్లు అయితే బడి ఏళ్లకు స్టడీ సర్టిఫికెట్, మిగతా ఏళ్లకు నివాస పత్రం జతచేయాలి. ఓపెన్ స్కూల్ స్టడీ సెంటర్ కాగితం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్రతి జనవరిలో, ప్రతి జూన్‌లో ఒక కరెంటు బిల్లు, ఒక గ్యాస్ బిల్లు తీసి ఫైల్లో పెట్టండి. అద్దె ఇల్లయితే ప్రతి అగ్రిమెంటూ దాచండి, పదకొండు నెలలకు రాసుకున్నదైనా సరే. ఇవి మీరున్నారని చెబుతాయి, పిల్ల ఉందని కాదు. పిల్ల పేరుతో ఏడాదికి ఒక్క కాగితమైనా ఉండాలి: లైబ్రరీ సభ్యత్వం రసీదు, ఆసుపత్రి ఓపీ చీటీ, సంగీతం క్లాసు ఫీజు రసీదు, ఏదైనా తేదీ, ఊరు ఉన్నది. థర్మల్ కాగితం మీది అక్షరాలు రెండేళ్లలో వెలిసిపోతాయి, వెంటనే జిరాక్స్ తీసి జతచేయండి. నివాస పత్రానికి దరఖాస్తు సచివాలయంలో ఇవ్వాలి, వీఆర్వో ఇంటికొచ్చి విచారిస్తారు, చుట్టుపక్కల వాళ్లను అడుగుతారు. ఫలితాలొచ్చాక పరిగెత్తితే ఆ రోజుల్లో అందరి దరఖాస్తులూ ఒకేసారి పడి ఉంటాయి. ఇంటర్ హాల్ టికెట్ చేతికి రాగానే వెళ్లి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నివాసం అన్నది పత్రంలో స్పష్టంగా రాయమని అడగండి.