మెర్సీ బ్రౌన్ సమాధి దగ్గర

అమెరికాలో, రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో ఉన్న మా బావమరిది ఇంటి నుంచి ఎగ్జెటర్‌కి కారులో అరగంట పైనే పట్టింది. "రోడ్ ఐలండ్ వచ్చినవాళ్లు న్యూపోర్ట్ బంగళాలు చూస్తారు బావా, నువ్వేమో శ్మశానం అంటావు" అని దారంతా సణుగుతూనే ఉన్నాడు. నవంబరు, చెట్లన్నీ మోడులు. రోడ్డు పక్కన చిన్న బాప్టిస్టు చర్చి, దాని వెనకే చెస్ట్‌నట్ హిల్ శ్మశానం.

వెతకాల్సిన పని లేకపోయింది. ఒక్క రాయి మీదే చిల్లర నాణేలు, ప్లాస్టిక్ పూలు, ఎవరో వదిలేసిన జడ రబ్బరు ఉన్నాయి. ఆ రాయికి ఇనప పట్టీ వేసి బిగించారు. 1996లో దాన్ని పెకిలించి ఎత్తుకుపోయారట, దొరికాక ఈ ఏర్పాటు. మెర్సీ బ్రౌన్. పోయింది 1892 జనవరిలో, 19 ఏళ్లకి.

వాళ్ల అమ్మ 1883 డిసెంబరులో పోయింది, ఆర్నెల్లకి అక్క. క్షయ. కొన్నేళ్లకి అన్న ఎడ్విన్‌కి పట్టుకుంది. గాలి మార్పు కోసం కొలరాడో వెళ్లొచ్చినా తగ్గలేదు. ఈలోగా మెర్సీ.

అప్పట్లో ఇంగ్లీషులో ఆ జబ్బుకి ఉన్న పేరు 'కన్సంప్షన్'లోనే 'తినేయడం' అనే అర్థం ఉంది. పిల్లవాడు కళ్లముందే కరిగిపోతుంటే, తింటున్నది ఎవరని అడగకుండా ఉంటారా? పోయినవాళ్లలో ఎవరి గుండెలోనైనా ఇంకా నెత్తురుంటే, వాళ్లే బతికున్నవాళ్లని పీల్చేస్తున్నారని ఊళ్లో నమ్మకం. తండ్రి జార్జ్ నమ్మలేదు. ఇరుగుపొరుగు వదల్లేదు.

మార్చి 17న శవపేటికలు తెరిచారు. తల్లి, అక్క దాదాపు ఎముకలయ్యారు. మెర్సీ మాత్రం చెక్కుచెదరలేదు. ఎలా చెదురుతుంది? నడిచలికాలంలో పోయిన పిల్ల, నేల గడ్డకట్టి తవ్వలేక రాతిగదిలో ఉంచారు. ఫ్రిజ్‌లో పెట్టినట్టే. వచ్చిన డాక్టరు ఇదేం వింత కాదనే చెప్పాడు, ఊపిరితిత్తుల్లో క్షయ గుర్తులు ఉన్నాయన్నాడు. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టి అప్పటికి పదేళ్లు. అయినా గుండె, కాలేయం తీసి దగ్గర్లోని బండ మీద కాల్చారు. ఆ బూడిద కలిపి ఎడ్విన్‌తో తాగించారు. మే నెలలో అతనూ పోయాడు.

ఆ రాతిగది ఇంకా అక్కడే ఉంది. తలుపు వేసి ఉంది. చేయి ఆనిస్తే రాయి ఐసుముక్కలా తగిలింది.

ఇప్పుడందరూ దీన్ని రక్తపిశాచి కథగా చెప్పుకుంటారు. నాకా మాట మింగుడుపడలేదు. చెల్లెలి గుండె బూడిద తాగిన కుర్రాడు, నమ్మకపోయినా సరేనన్న తండ్రి. ఇందులో పిశాచి ఎక్కడుంది?

"నమ్మనివాడు ఎందుకు ఒప్పుకున్నాడు బావా?" అన్నాడు మావాడు.

"ఒప్పుకోకపోతే, రేపు కొడుకు పోయాక ఊరు ఏమంటుంది?"

వాడికి చెప్పనిది ఒకటుంది. 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో, పాలమూరు దగ్గర మా ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేశారు. బొంబాయిలో కూలికెళ్లి, పనిపోయి తిరిగొచ్చిన మొగుడూపెళ్లాల్ని ఊరి బయటే ఆపేశారు, చంకలో పిల్లతో సహా. వాళ్లకి దగ్గు లేదు, జ్వరం లేదు. "మనవాళ్లేరా, రానివ్వమని చెప్పనా?" అని నాన్న ఫోన్ చేశాడు. నాన్న మాటంటే ఊళ్లో గురి. నాన్నకి షుగరు కూడా ఉంది. హైదరాబాదులో ఫ్లాట్ తలుపు గడియ పెట్టుకుని కూర్చున్న నేను, "నీకెందుకు నాన్నా, ఊరుకో" అన్నాను.