లాక్‌డౌన్‌లో అంతర ఇంజెక్షన్ కోసం తిరిగిన రోజులు

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేనాటికి మా చిన్నది ఇంకా చంటిపిల్ల. మా ఆయన గాజువాక ఆటోనగర్‌లో కాంట్రాక్టు వెల్డరు. షెడ్డు మూతపడింది, జీతం ఆగింది. నేను వంట చేసే హాస్టలూ ఖాళీ అయింది. రేషన్ బియ్యం, వాలంటీరు తెచ్చిచ్చిన వెయ్యి రూపాయలు, అంతే. ఆ పరిస్థితిలో ఇంకో కాన్పు అనుకుంటేనే నిద్ర పట్టేది కాదు.

అప్పట్లో గర్భం రాకుండా నేను అంతర ఇంజెక్షన్ వాడేదాన్ని. మూడు నెలలకోసారి వేస్తారు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. కార్డు మీద తర్వాతి తేదీ ఏప్రిల్ మొదటివారం. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పిల్లను మా ఆయనకిచ్చి ఎండలో ఆరోగ్య కేంద్రానికి నడిచి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. "జ్వరమా, దగ్గా? కాకపోతే తర్వాత రా." వరసలో నిలబడ్డ మగాళ్లందరికీ వినబడేలా ఎందుకొచ్చానో చెప్పాల్సి వచ్చింది. చెప్పినా లోపలికి పంపలేదు. మళ్లీ వెళ్తే, "మీ ఆయన్ని తీసుకురా" అన్నారు. ఇంజెక్షన్‌కే కాదు, ఆడవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి కూడా భర్త సంతకం అక్కర్లేదు. ఈ ముక్క ప్రతి ఆరోగ్య కేంద్రం గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాలి. ప్రైవేటుకి వెళ్దామంటే డాక్టరు ఫీజు ఎక్కణ్ణుంచి తెస్తాం?

దారి చూపింది మా వీధి ఆశా కార్యకర్తే. జ్వరాల సర్వేకి వచ్చినప్పుడు గుమ్మంలోనే గుసగుసగా చెప్పాను. "కంగారు పడకమ్మా, తేదీ దాటినా నాలుగు వారాల్లోపు వేయించుకోవచ్చు. అదీ దాటితే మాత్రం నిరోధ్ లేకుండా ఒద్దు" అంది. మర్నాడు సర్వే రిజిస్టరు మధ్యలోంచి ఓ కాగితం పొట్లం తీసి, మా అత్తగారు చూస్తుండగానే, "జొరం మాత్రలమ్మా, దాచుకో" అని చేతిలో పెట్టింది. ఆ మనిషికి నేనెంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను.

పిల్లలకి టీకాలు వేసే రోజు రమ్మని ఏఎన్ఎం నర్సుతో మాట్లాడిపెట్టింది కూడా ఆవిడే. గడువు ఇంకా ఉండగానే పనైపోయింది. "వేసిన చోట రుద్దకు, వేడి కాపడం పెట్టకు" అని చెప్పి ఏఎన్ఎం కార్డు మీద కొత్త తేదీ వేసింది.

మా పక్కింటామె సంగతి వేరు. మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. ఆవిడా దాని కోసమే ఆగింది. కరోనాతో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఈలోపు గర్భం రాకుండా ఛాయా మాత్రలు వేసుకోవచ్చని ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వాడొచ్చు. ఆవిడకి మూడో నెల వచ్చాక గానీ తెలియలేదు. భర్తకి పని లేదు, స్కానింగుకి చెవి దిద్దులు తాకట్టు పెట్టారు.

తర్వాత ఆ ఏడాదే నేను కాపర్-టీ వేయించుకున్నాను. 380ఏ రకం, పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకుంటే ఎప్పుడైనా తీయించుకోవచ్చు. ఆపరేషన్ చేయించేసుకోమని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. నేను వింటాను, ఊరుకుంటాను.